తాగేవాణ్ణి, తాగుతున్నాను

మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత భవనం లేదు. అట్లాంటా శివార్లలో నల్లవాళ్ల బాప్టిస్టు చర్చి ఒకటుంది. దాని హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆరాధన పెట్టుకుంటాం. తాళాలు నా దగ్గరే ఉంటాయి. కుర్చీలు వేయడం, మైకు వైర్లు సర్దడం, అందరూ వెళ్లాక పులిహోర మెతుకులు ఊడ్చడం నా పని. ఎలాగూ రావాలి కదా అని కొన్నిసార్లు పొద్దున్నే వచ్చి వాళ్ల ఆరాధనలో కూర్చుంటాను, ముఖ్యంగా నెల మొదటి ఆదివారం.

ఆ రోజు వాళ్లకి ప్రభువు బల్ల, అంటే ఏసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారం. ముందు వరసల్లో పెద్దావిడలు తెల్ల బట్టలు, తెల్ల టోపీలు, తెల్ల చేతితొడుగులు వేసుకుని కూర్చుంటారు. వాళ్లని ‘మదర్స్’ అంటారు. బల్లకి ముందు సంఘమంతా లేచి నిలబడి చర్చి నిబంధన, అంటే సభ్యులంతా కలిసి చేసే ప్రమాణం, చదువుతుంది. పాటల పుస్తకం చివర్లో అచ్చేసి ఉంటుంది, గోడకి ఫ్రేము కట్టి కూడా ఉంటుంది. బాప్టిస్టులు తరాలుగా చదువుతున్న మాటలవి. మత్తు పానీయాలు అమ్మబోమని, తాగబోమని అందులో ఒక మాట. చంటిపిల్లని ఎత్తుకున్న తల్లి దగ్గర్నుంచి ఊతకర్ర పట్టుకున్న తాత దాకా అందరూ చదువుతారు. తర్వాత పళ్లేల్లో వచ్చే చిన్న కప్పుల్లో ఉండేది వైన్ కాదు, ద్రాక్షరసం. 1869లో న్యూజెర్సీలో వెల్చ్ అనే మెథడిస్టు పళ్ల డాక్టరు ద్రాక్షరసం పులియకుండా సీసాలో పట్టే పద్ధతి కనిపెట్టింది ఈ బల్ల కోసమే. మనం పిల్లలకి కొనే వెల్చ్ జ్యూసు అదే.

ఆరాధన ముగిసేసరికి ఒంటిగంట. రోడ్డుకి అవతల లిక్కర్ షాపు. జార్జియాలో దాన్ని ‘ప్యాకేజ్ స్టోర్’ అంటారు. 2011 దాకా ఈ రాష్ట్రంలో ఆదివారం షాపుల్లో మందు అమ్మకూడదు. ఆ ఏడాది చట్టం మార్చి, ఎవరి ఊరికి వాళ్లు ఓటేసి తేల్చుకోమన్నారు. ఇప్పుడు పన్నెండున్నరకి షట్టరు లేస్తుంది. కౌంటరు వెనక ఉన్నది మన దేశం ఆయనే. నన్ను చూస్తే ‘భాయ్’ అంటాడు.

మంగళవారం రాత్రి అదే చర్చి బేస్‌మెంటులో ఏఏ మీటింగు జరుగుతుంది. ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే బృందం, మన దగ్గర కూడా ఆ పేరు తెలుసు. వాళ్లు పార్కింగు వైపు వెనక తలుపులోంచి వస్తారు. ఒకసారి స్పీకరు మర్చిపోయి మంగళవారం వెళ్లాను. డజను మంది ఉన్నారు, పెద్ద కాఫీ డబ్బా, మడత కుర్చీలు. అందులో సగం మంది తెల్లవాళ్లు. ఆ చర్చి మనుషులు మాత్రం ఒక్కరూ లేరు.

స్పీకరు వెతికిపెట్టిన డీకన్‌ని, అంటే ఆ చర్చి పెద్దల్లో ఒకాయన్ని, అదే అడిగాను, మీవాళ్లకి ఈ బాధ లేదా అని. డెబ్బై దాటిన మనిషి, బయటపడకుండా ఆయన వివరాలు కొంచెం మార్చి రాస్తున్నాను. ఆయన నవ్వాడు. “ఇక్కడివాళ్లు ఇక్కడికి రారు. నేను నాలుగేళ్లు పక్క కౌంటీకి వెళ్లేవాణ్ణి, నలభై నిమిషాల డ్రైవు. అక్కడి చర్చివాళ్లు ఇక్కడికి వస్తారు” అన్నాడు.

మనం మొదట ఏమనుకుంటామో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే మా సంఘంలోనే విన్నాను. “ఈ ఏరియాలో అన్ని లిక్కర్ షాపులేంటి బ్రదర్, వీళ్లు తెగ తాగుతారు.” తప్పు. అమెరికాలో 2012-13లో జరిగిన పెద్ద జాతీయ సర్వేలో, బతుకులో ఎప్పుడో ఒకప్పుడు తాగుడు జబ్బుగా మారినవాళ్లు తెల్లవాళ్లలో సుమారు 33 శాతమైతే నల్లవాళ్లలో 22 శాతమే. అసలు తాగనివాళ్లు కూడా నల్లవాళ్లలోనే ఎక్కువ. అయితే అదే సర్వేలో గడిచిన ఏడాది సంగతి అడిగితే ఇద్దరూ ఒకేచోట, 14 శాతం దగ్గర తేలారు. అంటే ఆ గోతిలో పడేవాళ్లు తక్కువే, పడ్డవాళ్లు బయటికి రావడమే కష్టమవుతోంది. అంతే తాగినా ఒంటికి, ఉద్యోగానికి, ఇంటికి జరిగే నష్టం నల్లవాళ్లకి ఎక్కువని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. కారణాలు ఊహించడం కష్టం కాదు. ఇన్సూరెన్సు ఉండదు, చికిత్స మొదలుపెట్టినా చివరిదాకా సాగదు. తూలుతూ రోడ్డు మీద నడిచే తెల్ల కుర్రాణ్ణి పోలీసు ఇంటికి పంపిస్తే, నల్ల కుర్రాడి విషయంలో ఆ నమ్మకం లేదు.

ఈ రెండు అంకెల వెనకా చర్చి ఉందని నా అనుమానం. కాదు, అనుమానం కంటే ఎక్కువే. మందు ముట్టనివాళ్లని తయారుచేయడంలో బ్లాక్ చర్చికి సాటి లేదు. ముట్టి ఇరుక్కుపోయినవాడికి మాత్రం అందులో చోటు దొరకదు. రెండూ ఒకే నిబంధనలోంచి పుట్టాయి.

తాగుడుకి ఎందుకంత కఠినంగా ఎదురు నిలబడ్డారో తెలియాలంటే ఫ్రెడరిక్ డగ్లస్ దగ్గరికి వెళ్లాలి. బానిసగా పుట్టి, తప్పించుకుని, 1845లో తన కథ తనే రాసుకున్న మనిషి. అందులో క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా బానిసలకి ఇచ్చే సెలవుల గురించి చెబుతాడు. ఆ వారంలో తాగకుండా ఉన్నవాణ్ణి చూస్తే యజమానులకి నచ్చేది కాదట. ఎవడి బానిస పడిపోకుండా ఎక్కువ విస్కీ తాగగలడో పందేలు కాసేవారట. స్వేచ్ఛ అంటే ఇలా కక్కుకుంటూ పడి ఉండడమే అనిపించాలి, వారం గడిచాక ‘పొలమే నయం’ అనుకుంటూ వాళ్లంతట వాళ్లే పనికి వెళ్లాలి, అదీ ఎత్తు. అదే ఏడాది డగ్లస్ ఐర్లాండు వెళ్లి, లక్షలమంది చేత మందు మాన్పించిన ఫాదర్ మాథ్యూ దగ్గర తనూ ప్రమాణం చేశాడు. ఆ ప్రమాణం భక్తి ఒక్కదానితో చేసింది కాదు. సంకెళ్లలో ఒకటి సీసా రూపంలో ఉందని ఆయనకి తెలుసు.

ఇప్పుడు అదే వారం చివరి రాత్రి చూడండి. 1862 డిసెంబరు 31న నల్లవాళ్లు చర్చిల్లో చేరి తెల్లారేదాకా కాచుకున్నారు, మర్నాడు లింకన్ బానిసల విముక్తి ప్రకటన అమల్లోకి వస్తుందని. ఇవాళ్టికీ ఆ రాత్రి వాళ్లకి ‘వాచ్ నైట్’. ఊరంతా సీసాలు విప్పే వేళకి వీళ్లు మోకాళ్ల మీద ఉంటారు. మనకీ డిసెంబరు 31 రాత్రి ఆరాధన ఉంది కదా. గుంటూరు జిల్లాలో మా ఊరి చర్చిలో పన్నెండు కొట్టగానే గంట మోగించి కేకు పంచేవారు. ఈ అలవాటు మెథడిస్టుల నుంచి, ఇంకా ముందు మొరేవియన్లనే పాత ప్రొటెస్టెంటు శాఖ నుంచి వచ్చింది. పేరు ఒకటే అయినా వీళ్లు కాచుకున్నది మాత్రం వేరే. ఈ సంగతి తెలిశాక ఆ రాత్రి వాళ్ల పక్కన మోకరిస్తే నాకు ఒళ్లు జలదరించింది.

ఇక రెండో వైపు. 1787లో ఫిలడెల్ఫియాలో రిచర్డ్ అలెన్, అబ్సలోమ్ జోన్స్ అనే ఇద్దరు నల్లజాతి బోధకులు కలిసి ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ పెట్టారు. నల్లవాళ్ల స్వతంత్ర చర్చిలకి విత్తనం అదే. నెలకి ఒక వెండి షిల్లింగు చందా, కష్టంలో ఉన్న సభ్యుడికి వారానికి మూడు షిల్లింగుల తొమ్మిది పెన్నీల సాయం. ఎంత చక్కటి ఏర్పాటు! మన డ్వాక్రా గ్రూపులకి రెండొందల ఏళ్ల ముందు. కానీ నియమాలు చదివితే ఒకచోట ఆగిపోతాం. తాగుబోతుని సభ్యుడిగా చేర్చుకోకూడదు. సాయం కూడా, సొంత తెలివితక్కువతనం వల్ల కష్టం తెచ్చుకున్నవాడికి లేదు.

వాళ్లని తప్పు పట్టడం నా వల్ల కాదు. పైసా పైసా కూడబెట్టి విధవలకీ అనాథలకీ ఇస్తున్నారు. చుట్టూ ఉన్న తెల్ల ఊరు ఎప్పుడు వంక దొరుకుతుందా అని చూస్తోంది. ఆ ఊరు ఎలాంటిదంటే, 1842 ఆగస్టు 1న అదే ఫిలడెల్ఫియాలో నల్లవాళ్ల మద్యనిషేధ సంఘం ఊరేగింపు తీస్తే అల్లరిమూక దాని మీద పడి కొట్టి, ఒక చర్చిని, సమావేశాల హాలుని తగలబెట్టింది. తాగితే తాగుబోతులన్నారు. తాగబోమని ఊరేగితే తన్నారు.

ఆ తర్వాతా అంతే. మద్యం మాన్పించే ఉద్యమానికి నాయకురాలైన ఫ్రాన్సెస్ విల్లార్డ్ 1890లో ఒక పత్రికతో మాట్లాడుతూ నల్లజాతి ఐగుప్తు మిడతల్లా పెరుగుతోందని, సారాకొట్టే దాని బలానికి కేంద్రమని అంది. నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ ఆ మాటల్ని ఇంగ్లాండు పత్రికలో మళ్లీ అచ్చు వేయించి నలుగురిలో నిలదీసింది. 1906లో అట్లాంటాలో నల్లవాళ్ల మీద మారణకాండ జరిగింది, కనీసం పాతికమంది నల్లవాళ్లు చచ్చిపోయారు. అంతకు ముందు వారాల తరబడి పత్రికలు డెకేటర్ స్ట్రీట్‌లో నల్లవాళ్లు తాగే సెలూన్ల మీద విషం కక్కాయి. మరుసటి ఏడాదే జార్జియా మద్యనిషేధ చట్టం చేసింది. డెకేటర్ స్ట్రీట్ ఇప్పటికీ ఉంది. యూనివర్సిటీ భవనాల మధ్య నుంచి పోతుంది, నేను పార్కింగు దొరక్క తిట్టుకునే రోడ్డు.

ఇంత జరిగిన జనం తమలో తాగేవాడున్నాడని చర్చి మెట్ల మీద నిలబడి చెబుతారా? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మన సామెత. వాళ్ల విషయంలో పక్కన పెట్రోలు డబ్బాతో ఒకడు ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు కూడా. దాచడం వాళ్లు ఊరికే నేర్చుకోలేదు.

బయటి శత్రువు మీద మాత్రం చర్చి ఎప్పుడూ వెనక్కి తగ్గలేదు. 1990లో హార్లెంలో అబిసీనియన్ బాప్టిస్టు చర్చి పాస్టరు కాల్విన్ బట్స్ సంఘాన్ని వెంటేసుకుని వీధుల్లోకి వచ్చి మందు, సిగరెట్ల హోర్డింగులకి తెల్ల రంగు కొట్టాడు. పాస్టరు గారు నిచ్చెనెక్కి బ్రష్షు పట్టుకున్నాడంటే మన పెద్దలు ఏమనేవారో! మరుసటి ఏడాది ‘పవర్‌మాస్టర్’ అని ఘాటు ఎక్కువున్న మాల్ట్ లిక్కర్‌ని, అంటే ఒక రకం బీరుని, నల్లవాళ్ల పేటలే గురిగా దింపబోతే, పాస్టర్లు, కార్యకర్తలు అరిచి గోల చేసి ఆపించారు. 1992 అల్లర్లలో లాస్ ఏంజెలెస్ దక్షిణ పేటల్లో రెండొందల దాకా లిక్కర్ షాపులు కాలిపోతే, వాటిని మళ్లీ కట్టనివ్వొద్దని జనం పోరాడారు. మనవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు.

అంటే షాపు మీద యుద్ధం చేయడం వచ్చు. సీసా అమ్మేవాడితో తగువు పడటం వచ్చు. సీసా చేతిలో పట్టుకుని మూడో వరసలో కూర్చున్నవాడితో మాట్లాడటమే రాదు.

రాదని ఎందుకంటున్నానంటే, సాక్ష్యాలు వినండి. వాళ్ల చర్చిలోనైనా, మన చర్చిలోనైనా సాక్ష్యమంటే ఒకటే పద్ధతి. “నేను తాగేవాణ్ణి, పెళ్లాన్ని కొట్టేవాణ్ణి, ఫలానా రాత్రి ప్రభువు నన్ను పట్టుకున్నాడు, ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు.” ఆమెన్, హల్లెలూయ, చప్పట్లు. నేను ఇన్నేళ్లుగా సాక్ష్యాలు విన్నాను. ‘తాగేవాణ్ణి’ అన్నవాళ్లు వందమంది ఉంటారు. ‘తాగుతున్నాను’ అన్నవాడు ఒక్కడూ లేడు. ఏఏ మీటింగుల్లో డీకన్ గారు ముప్ఫై ఏళ్ల కిందట మానేసి కూడా ఇప్పటికీ ‘నేను ఆల్కహాలిక్‌ని’ అనే మొదలుపెడతాడు. అదే మనిషి ఆదివారం మైకు ముందు నిలబడితే ‘ఒకప్పుడు’ అని మొదలుపెడతాడు. “రెండూ నిజమే కదా” అన్నాను. “నిజమే. కానీ రెండోది చెబితేనే డీకన్‌గా ఉంచుతారు” అన్నాడు.

ఇక్కడ కొందరు అడ్డు తగులుతారని తెలుసు. మా ఆవిడే తగిలింది. “పాపాన్ని జబ్బు అంటే అందరికీ అలుసైపోతుంది. మీ సర్వే అంకెలే చెబుతున్నాయి కదా, గట్టిగా ఉన్నారు కాబట్టే తక్కువమంది పడ్డారు” అంది. ఆ మాటలో నిజముంది, నేను కొట్టిపారేయను. మందు ముట్టకపోతే నామోషీ కాని చోటు, ముట్టకపోతేనే గౌరవం దక్కే చోటు ఒక కుర్రాడికి దొరకడం చిన్న విషయం కాదు. నా టీమ్‌లో శుక్రవారం సాయంత్రం కోక్ తాగితే నవ్వుతారు. గోడ మీది నిబంధన తీసేయమని నేను అనట్లేదు.

నా గొడవ వేరే. ఒక్క రాత్రిలో మానేశానన్న సాక్ష్యం మనుషుల ప్రాణం తీయగలదు. ఏళ్ల తరబడి రోజూ తాగే ఒళ్లు హఠాత్తుగా మానేస్తే, రెండో మూడో రోజుకి చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడతాయి, చూడకపోతే చచ్చిపోతారు కూడా. డాక్టరు దగ్గరుండి దించాల్సిన బరువది. తాగాలనే తహతహ తగ్గించే నాల్‌ట్రెక్సోన్ మాత్రకి అమెరికాలో ఈ జబ్బు కోసం అనుమతి వచ్చింది 1994లో. ఎన్ని ప్రసంగ వేదికల మీద నుంచి ఆ పేరు విన్నారు? బీపీ మాత్ర వేసుకోమని పాస్టరు గారు చెబుతారు, షుగరు మాత్ర మానొద్దంటారు.

మా నాన్న సంగతి చెప్పాలి. నాకు పదకొండేళ్లప్పుడు మా ఊళ్లో మూడు రోజుల కూటాలు జరిగాయి. రెండో రాత్రి నాన్న ముందుకెళ్లి ఏడ్చి, జేబులో సీసా తీసి ఇచ్చేశాడు. ఊరంతా చూసింది. అమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు, సంతోషంతో. మూడో రోజు పొద్దున నాన్న నులకమంచం పట్టెని గోళ్లతో గీకుతూ చీమలు, చీమలు అంటున్నాడు. ఒక్క చీమ లేదు. చొక్కా తడిసి ముద్దయిపోయింది. దయ్యం వదలడానికి గింజుకుంటోందని పెద్దలొచ్చి చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. మధ్యాహ్నం ఫిట్స్ వస్తే మా మేనమామ అందరినీ తోసేసి ఆటోలో వేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. బతికాడు. నెల తిరక్కుండా మళ్లీ తాగాడు. ఇచ్చిన మాట తప్పాడని సంఘం నాన్నకి ప్రభువు బల్ల ఇవ్వడం ఆపేసింది. అప్పట్నుంచి మొదటి ఆదివారం నాన్న చర్చి దాకా వచ్చి, లోపలికి రాకుండా వేపచెట్టు కింద చెప్పుల దగ్గర కూర్చునేవాడు. పాటలకి పెదాలు కదిపేవాడు. అలా ఆరేళ్లు. ఎవరూ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు.

అందుకే వెనక తలుపు మీద నాకంత పట్టింపు.

వేరే దారి లేకపోలేదు. కనెటికట్‌లో యేల్ యూనివర్సిటీవాళ్లు, నల్లవాళ్ల, లాటినోల చర్చిలు కలిసి ‘ఇమాని బ్రేక్‌త్రూ’ అని నడుపుతున్నారు. ఇమాని అంటే స్వాహిలీలో విశ్వాసం. మొదటి 12 వారాలు క్లాసులు, తర్వాత 10 వారాలు ఒకరికొకరు తోడుండటం. నడిపేవాళ్లలో చర్చి మనిషి ఒకరు, ఆ మత్తులోంచి తనే బయటపడిన మనిషి ఒకరు ఉంటారు. పూర్తిగా మానేస్తేనే రండి అనరు, ఆ చర్చి సభ్యులే కానక్కర్లేదు. అంటే ‘తాగుతున్నాను’ అన్నవాడికి అక్కడ కుర్చీ ఉంది. 1787 నాటి నియమానికి ఇది సరిగ్గా తిరగబడ్డ మాట. అదీ అలెన్ వారసుల చర్చిల్లాంటి వాటిలోనే జరుగుతోంది. తెల్లవాడొచ్చి నేర్పింది కూడా కాదు, దాన్ని మొదలుపెట్టినవాళ్లలో నల్లజాతి పరిశోధకులు, డాక్టర్లే ముందున్నారు.

డీకన్ గారికి ఇదంతా చెప్పాను. ఆయనకి సగం ముందే తెలుసు. పోయిన శీతాకాలం ట్రస్టీల మీటింగులో లేచి, మంగళవారం మీటింగు సంగతి ఆదివారం పంచే కాగితంలో అచ్చు వేయమన్నాడట. గంటసేపు చర్చ. అచ్చు వద్దన్నారు. ముందు తలుపు తెరుద్దామంటే అదీ వద్దన్నారు. చివరికి, చలికాలంలో చీకటి త్వరగా పడుతోంది, మెట్ల మీద ఎవరైనా జారిపడతారు అని వెనక తలుపు పైన లైటు వేయించారు. డబ్బు మదర్స్ ఇచ్చారు. “అరవై ఏళ్ల నుంచి ఈ చర్చిలో ఉన్నాను. ఆ తలుపుకి లైటు రావడం ఇదే మొదలు” అన్నాడాయన.

మా తెలుగు సంఘంలో కూడా ఆ మీటింగు గురించి ఒక మాట చెప్పమని మా పాస్టరు గారిని అడిగాను. ప్రార్థన చేద్దాం అన్నారు. ఇంకా చేస్తున్నట్టున్నారు.

రెండు వారాల కిందట నేను హాలుకి తాళం వేస్తుంటే మావాళ్లలో ఒక తమ్ముడు, మంచి ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వచ్చాడు. “అన్నా, ఆ మంగళవారం మీటింగుకి ఎవరైనా వెళ్లొచ్చా? నాకు కాదు, మా ఫ్రెండ్ ఒకడున్నాడు” అన్నాడు.

“ఎవరైనా వెళ్లొచ్చు. వెనక తలుపు. పైన లైటుంటుంది, చీకట్లో కూడా తెలుస్తుంది” అన్నాను.

“లైటు కూడా ఉంటుందా?” అన్నాడు.